ఆఫ్రికా సాహిత్యంలో పీజీ కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లిష్ ఎంఏ పూర్తిచేసింది. ఆఫ్రికా భాషలు, సాహిత్యంలో మరో పీజీకి లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయానికి వెళ్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లు ఇంటి మీద 40 లక్షల రుణం ఇప్పిస్తామంటున్నారు. నాకు ఐదేళ్ల సర్వీసే మిగిలింది. ఎఫ్‌డీలో 16 లక్షలున్నాయి. పీఎఫ్ కూడా తీయాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇంటి పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి. పీఎఫ్ ముట్టుకోకండి. 10 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో 40 లక్షలు తెస్తే ఈఎంఐ నెలకు సుమారు 53 వేలు. మీరు రిటైరయ్యాక కూడా కట్టాలి. ఈ చదువు అవగానే పెద్ద జీతం రాదు. కాలేజీల్లో పాఠాలు చెప్పాలంటే నెట్ పరీక్షో, పీహెచ్‌డీనో కావాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1955 నుంచి ఆఫ్రికా అధ్యయన విభాగం ఉన్నా, మన దేశంలో అలాంటివి చాలా తక్కువ.

అలాగని అమ్మాయిని ఆపకండి. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలి కోట్లమంది భాష. కెన్యా, టాంజానియాల్లో భారతీయులు తరాలుగా స్థిరపడ్డారు. ఆ సాహిత్యాన్ని మూలంలో చదివి మనకు అందించేవాళ్లు రావాలని నేను మనసారా కోరుకుంటాను.

మార్చాల్సింది ఊరు. జర్మనీలోని బైరాయిత్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా భాషలు, సాహిత్యం, మీడియా, కళలు కలిపి చెప్పే పీజీ ఉంది. 1981లో మొదలైన ఇవాలెవాహౌస్ అనే ఆఫ్రికా కళల కేంద్రం కూడా అక్కడిదే. అక్కడ ట్యూషన్ ఫీజు భారం ఉండదు, సెమిస్టర్ రుసుము కట్టాలి. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి. అసలు ఖర్చు అక్కడ ఉండటానికి, తిండికి అయ్యేదే. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమచేసి, నెలకింత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. యూరో 100 రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు, రెండేళ్లకు 24.

ప్రభుత్వ బ్యాంకులో ఆస్తి తనఖా లేకుండా 7.5 లక్షల వరకు విద్యా రుణం అడగండి. ‘ఫీజు లేని కోర్సుకు రుణమెందుకు’ అని మేనేజరు అంటే, జీవన వ్యయానికి కూడా ఇస్తారని గుర్తుచేయండి. దీని ఈఎంఐ పదేళ్లకు సుమారు 10 వేలు, చిన్న ఉద్యోగంతోనైనా అమ్మాయే కట్టుకోగలదు. ఎఫ్‌డీ నుంచి ఏడాదికి 5 లక్షల చొప్పున 10 లక్షలు తీయండి, మిగతా 6 లక్షలు ఇంటి అవసరాలకు ఉంచండి. తగ్గే ఆరేడు లక్షలు తను అక్కడ సంపాదించుకోవాలి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు.

విద్యా రుణం సొమ్ము పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలుచేసే పన్ను) ఉండదు. సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితేనే పడుతుంది, అదీ రిటర్నులో సర్దుబాటవుతుంది. మీరు పాత పన్ను విధానంలో ఉండి, సహ రుణగ్రహీతగా వడ్డీ కడితే ఆ వడ్డీకి ఆదాయ పన్ను మినహాయింపు కూడా వస్తుంది. చదువు సాగినన్నాళ్లూ ఆ వడ్డీ నెలనెలా కట్టేయండి, అసలు మొత్తం పెరగదు.