పాప న్యూరో చదువు సరే, మీ చేతి సంగతేంటి?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక నాన్నగారు రాశారు. వయసు 52, కిరాణా కొట్టు. పాప ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. "మెదడు, నరాల మీద చదువుతానంటోంది మేడం. నీట్ రాసి న్యూరాలజిస్టు అవడం మంచిదా, ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు చెబుతున్న బీఎస్సీ న్యూరోసైన్స్ మంచిదా? రెండూ పోల్చి చెప్పండి" అని అడిగారు. చివర్లో ఇంకో మాట: "నా కుడి చేయి ఏడాదిగా వణుకుతోంది, అక్షరాలు చీమల్లా వస్తున్నాయి, కొట్లో ఖాతా పుస్తకం పాపే రాస్తోంది. ఈ మెయిల్ కూడా తనే టైప్ చేసింది."

అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఇంట్లో ఎవరికో పక్షవాతం వస్తుంది, ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి పిల్ల న్యూరో అంటుంది. తాతకి మూర్ఛ వస్తే మనవడు బ్రెయిన్ సర్జన్ అవుతానంటాడు. అందరూ కోర్సు పేరే అడుగుతారు, అసలు భయం మాత్రం ఆఖరి లైన్లో ఎక్కడో ఉంటుంది.

ముందు మీరడిగింది చెబుతాను. నీట్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు, జనరల్ మెడిసిన్ ఎండీ మూడేళ్ళు, ఆపైన న్యూరాలజీలో డీఎం ఇంకో మూడేళ్ళు. ప్రతి మెట్టు దగ్గరా మళ్ళీ ఒక ఎంట్రన్స్, మధ్యలో ఒకటో రెండో ఏళ్ళు పోవడం మామూలే. పాపకి ముప్పై దాటుతుంది. దానికి టెన్షన్ పడకండి, న్యూరో తీసుకోవాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చాల్సిన పనే లేదు, వార్డుల్లో తిరిగాక తనకే తెలుస్తుంది.

ఇక ఆ బీఎస్సీ. నిజం చెప్పాలంటే ఇలాంటి కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. 2024 జనవరిలో ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ వాళ్ళు మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్ పెట్టారు కదా, అప్పటినుంచి బ్రోషర్ల మీద నీలిరంగు మెదడు బొమ్మ, పక్కన ఏఐ అని రెండక్షరాలు ఉంటే చాలు, తల్లిదండ్రులు అడ్వాన్సు కట్టేస్తున్నారు. ఆ డిగ్రీతో రోగిని చూడలేరు, మందు రాయలేరు, పాప మనసులో ఉన్నదేమో సరిగ్గా ఆ పనే. పరిశోధన చేయాలంటే ఎటూ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా వెళ్ళాల్సిందే, అక్కడికి జువాలజీ నుంచీ ఫిజిక్స్ నుంచీ ఇంజనీరింగ్ నుంచీ కూడా వెళ్తారు, పద్దెనిమిదేళ్ళకే న్యూరో అన్న ముద్ర వేయించుకోనక్కర్లేదు. పాపకి నిజంగా సైన్స్ పిచ్చి ఉంటే మన బరంపురంలోనే ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థ ఉంది, 2016లో పెట్టారు, ఐదేళ్ళ బీఎస్-ఎమ్మెస్, దానికి ఐఏటీ అనే ఎంట్రన్స్ రాయాలి. ఆ పేరు మీ ఉత్తరంలో లేనే లేదు, ఎక్కడిదో బ్రోషర్ మాత్రం ఉంది!

మీరు అడగలేదు గానీ, పక్షవాతం వచ్చిన మనిషిని మళ్ళీ నడిపించేది ఎక్కువగా ఫిజియోథెరపిస్టు, మాట తెప్పించేది స్పీచ్ థెరపిస్టు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ ఫిజియో కోర్సు చేయొచ్చు. నీట్ తప్పితే బతుకే లేదనుకునే ఇళ్ళలో ఈ మాట ఎవరూ చెప్పరు.

నరాల పని ఎలా ఉంటుందో మీకొకటి చెబుతాను. కట్లపాము కరిచిన వాళ్ళని మన వైపు చూసే ఉంటారు. వాపు పెద్దగా ఉండదు, నొప్పీ అంతంతే, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి ఆడదు. మెదడు బాగానే ఉంటుంది, నరమూ తెగదు. నరంలో కరెంటులా వచ్చిన కబురు దాని చివర రసాయనంగా మారి కండరానికి అందాలి, విషం ఆ అందించడాన్నే ఆపేస్తుంది. మెదడు లోపల సుమారు 8,600 కోట్ల నాడీకణాలు కూడా ఎక్కువగా ఇలా రసాయనాలతోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వాటిలో డోపమైన్ ఒకటి. మధ్య మెదడులో దాన్ని తయారు చేసే కణాలు మెల్లగా చచ్చిపోతుంటే కదలిక నెమ్మదిస్తుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, రాత చిన్నదైపోతుంది, చేయి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది. దాన్నే పార్కిన్సన్స్ అంటారు, 1817లో దాని గురించి రాసిన లండన్ డాక్టరు పేరది.

మీకు అదే ఉందని నేననడం లేదు. థైరాయిడ్‌కీ వణుకు వస్తుంది, కొన్ని మందులకీ వస్తుంది, టీ గ్లాసు ఎత్తినప్పుడు మాత్రమే వణికే రకం ఇంకోటుంది, అది వేరే జబ్బు. ఒకవేళ మీది పార్కిన్సన్సే అయినా లెవోడోపా అనే మందు ఉంది, జబ్బుని ఆపదు గానీ చేతిని చాలావరకు దారికి తెస్తుంది. ఎక్కువ మందిలో ఇది వంశపారంపర్యం కూడా కాదు, ఈ మాట పాప కంట పడుతుందని తెలిసే రాస్తున్నా.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అంటాను. పాప టెస్టుల్లో మార్కులు సబ్జెక్టువారీగా రాసి పంపారు, ఏడాదిగా వణుకుతున్న చేతిని ఒక్క డాక్టరుకీ చూపించినట్టు ఎక్కడా రాయలేదు. మీరు చూపించుకోకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది? పన్నెండేళ్ళు చదివి తనే చూద్దామనుకుంటుంది. ఖాతా పుస్తకం రాయించినట్టే జబ్బు బరువూ దానిమీదే పెట్టారు, పైగా ఏ కోర్సు మంచిదని నన్నడుగుతున్నారు.

గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కి విశాఖలో కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. రెండేళ్ళ కిందటి ఖాతా పుస్తకం ఒకటి, మీరు ఆఖరుగా రాసింది ఒకటి సంచీలో పెట్టుకెళ్ళి డాక్టరు ముందు పక్కపక్కన తెరవండి, స్కానింగ్ కంటే ముందు అదే పనికొస్తుంది. పాపనీ తీసుకెళ్ళండి. ఓపీ బయట బెంచీ మీద కూర్చోనివ్వండి, మీతో లోపలికీ రానివ్వండి, డాక్టరు మీ బొటనవేలూ చూపుడువేలూ గబగబా ఆడించమనడం, మణికట్టు తిప్పి బిగువు చూడటం, వరండాలో నడిపించి చేయి ఊగుతోందా లేదా అని చూడటం, బయట ఇంకా ఎంతమంది వరసలో ఉన్నారో లెక్కపెట్టుకోవడం, అన్నీ చూడనివ్వండి. తిరిగొచ్చాక నాకు మళ్ళీ రాయమనండి, ఈసారి తన పేరుతో.