ఏజెంట్లు బేరమాడితే చాలదా, వాదించుకోవాలా?

"ఆఫర్లు అటూ ఇటూ పంపుకుంటే బేరం కుదిరిపోతుంది కదా, సాఫ్ట్‌వేర్ ఏజెంట్లకు (మన తరఫున వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములకు) వాదనలు ఎందుకు?" అని మీరు అడిగారు. ఎంటెక్ ప్రాజెక్టు అప్పుడు మా గైడ్‌ని నేనూ ఇదే అడిగాను.

ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్క జీపీయూ సర్వర్‌ని (పెద్ద లెక్కలు వేగంగా చేసే కంప్యూటర్‌ని) రెండు ఏజెంట్లు పంచుకోవాలి. అదీ మా ప్రాజెక్టు. మొదట్లో వాటికి ఆఫర్ ఇవ్వడం, ఒప్పుకోవడం, కాదనడం మాత్రమే వచ్చు. రెండింటికీ శుక్రవారం రాత్రే కావాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఇరవై రౌండ్లు తిరిగి ఆగిపోయేవి.

తర్వాత "ఎందుకు?" అని అడగడం నేర్పాం. ఒకటి "సోమవారం పొద్దునకి రిజల్ట్ కావాలి" అంది. "మరి ఆదివారం నడిపినా అందుతుంది కదా" అంది రెండోది. అంతే, కుదిరిపోయింది!

పార్సన్స్, సియెర్రా, జెన్నింగ్స్ అనే పరిశోధకుల 1998 నాటి పేపర్‌లో ఉన్నదీ ఇదే. పటం తగిలించడానికి ఒక ఏజెంట్‌కి మేకు కావాలి. అద్దం తగిలించాలి కాబట్టి ఇవ్వనంటుంది రెండోది. "నా స్క్రూ, స్క్రూడ్రైవర్ తీసుకో, అద్దం వాటితోనూ తగిలించొచ్చు" అనగానే మేకు ఇచ్చేస్తుంది.

అసలు తలనొప్పి ఏ వాదన నెగ్గిందో తేల్చడం. డంగ్ అనే పరిశోధకుడు 1995లో చెప్పిన పద్ధతి వాడాం: ఏ వాదన దేన్ని దెబ్బకొడుతుందో బాణాలు గీసి, ఎవరూ కొట్టనివాటితో మొదలుపెట్టాలి. అవి నెగ్గినట్టు, అవి కొట్టినవి ఓడినట్టు. రెండు వాదనలు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే, మేం వాడిన ఈ లెక్కలో (దీన్ని "గ్రౌండెడ్" అంటారు) రెండూ నెగ్గవు. మాకు వారం రోజులు ఖాళీ జవాబే వచ్చింది, కోడ్‌లో బగ్ అనుకుని తెగ వెతికాం. చివరికి సౌకర్యం కన్నా డెడ్‌లైన్ బలమైన కారణమని ప్రాధాన్యం పెడితే కదిలింది. ఒకసారి చెప్పిన వాదన మళ్లీ చెప్పకూడదన్న రూల్ కూడా తప్పలేదు. లేకపోతే "ఎందుకు?", "ఎందుకంటే" అంటూ తెల్లారిపోయేది.

రెండు ఏజెంట్లనూ మేమే రాశాం కాబట్టి అవి నిజమే చెప్పాయి. వేర్వేరు యజమానుల ఏజెంట్లయితే డెడ్‌లైన్ గురించి అబద్ధం చెప్పినా ఈ లెక్కకి తెలియదు.

మీ బేరం ఒక్క ధర మీదే అయితే, రెండు వైపులా ఎంతదాకా దిగాలో ముందే తెలిస్తే, ఇదంతా పెట్టుకోకండి. మామూలు ఆఫర్లు చాలు, కోడ్ కూడా తగ్గుతుంది.