ఎంక్యాట్‌లో 501 వచ్చింది... పోడియాట్రీలో చేరాలా, ఎండీ కోసం ఆగాలా?

ప్రశ్న: నా వయసు 23. న్యూజెర్సీలో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. బయాలజీ డిగ్రీ పూర్తయింది, జీపీఏ 3.45. అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రెండుసార్లు రాస్తే రెండోసారి 501 వచ్చింది. చాలా ఎండీ కాలేజీలకు అప్లై చేశాను, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఒక పోడియాట్రీ (పాదాల వైద్యం) కాలేజీ మాత్రం సీటుతో పాటు కొంత స్కాలర్‌షిప్ ఇస్తానంది. నెలాఖరుకు డిపాజిట్ కట్టాలి. నాన్న ఇంకో ఏడాది ఆగి ఎండీకే ప్రయత్నించమంటున్నారు. అమ్మేమో ‘పాదాల డాక్టరని నలుగురికీ ఏం చెప్తాం’ అంటోంది. మామయ్య కరీబియన్ దీవుల్లోని మెడికల్ కాలేజీ చూడమంటున్నారు. కొన్ని వారాలుగా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, న్యూజెర్సీ

డాక్టర్ సలహా: ముందు దడ సంగతి చూద్దాం. మీ వయసులో ఇది ఎక్కువగా టెన్షన్ వల్లే వస్తుంది. కానీ చూడకుండా అదేనని తేల్చేయకూడదు. మీ ఫ్యామిలీ డాక్టరును కలిసి బీపీ, ఈసీజీ, రక్తహీనతకు, థైరాయిడ్‌కు రక్తపరీక్షలు చేయించుకోండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, ఎనర్జీ డ్రింకులు మానేయండి. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 988కి ఫోన్ చేయండి, మెసేజ్ అయినా పెట్టవచ్చు. రాత్రయినా పగలైనా పలుకుతారు.

ఇక అసలు విషయం. ఇంట్లో ముగ్గురూ తలో సలహా ఇచ్చారు. కానీ పాదాల వైద్యం మీకు ఇష్టమా అని ఎవరూ అడిగినట్టు లేదు. మీరూ ఆ మాట రాయలేదు. నా దృష్టిలో మొత్తం నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది.

ఎండీలో చేరిన విద్యార్థి మూడు, నాలుగో ఏడాదిలో అన్ని వార్డులూ తిరిగి చూశాక తన స్పెషాలిటీ ఎంచుకుంటాడు. గుండె వైద్యం అనుకుని చేరి, పిల్లల వైద్యంలో స్థిరపడినవాళ్ళు ఎంతోమంది. పోడియాట్రీలో ఆ అవకాశం ఉండదు. నాలుగేళ్ళ డీపీఎం (పోడియాట్రీ డిగ్రీ) చదువు, ఆ తర్వాత మూడేళ్ళ రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ), అంతా పాదం, చీలమండల చుట్టూనే. మధ్యలో మనసు మారితే ఆ చదువును ఎండీకి బదిలీ చేసుకోవడం దాదాపు కుదరదు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. అంటే మీరు 23 ఏళ్ళకే స్పెషాలిటీ ఎంచుకుంటున్నారు. తప్పేమీ లేదు, కానీ చూసి ఎంచుకోవాలి.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్‌ని. షుగర్ రోగుల విషయంలో పోడియాట్రిస్టులతో కలిసి పనిచేస్తుంటాను. అమెరికాలో షుగర్ ఉన్నవాళ్ళు దాదాపు 4 కోట్ల మంది. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పులో దిగిన మేకు రెండు రోజులైనా తెలియదు. చిన్న పుండుగా మొదలై, ఇన్ఫెక్షన్ ఎముకకు పాకి, వేలో పాదమో తీసేయాల్సిన దాకా వస్తుంది. ఆ పుండును శుభ్రం చేసేదీ, కుళ్ళిన కణజాలాన్ని కోసి తీసేదీ, ఒత్తిడి పడకుండా ప్రత్యేక బూటు వేయించేదీ, రక్తప్రసరణ తగ్గిందని గుర్తుపట్టి వాస్కులర్ సర్జన్‌కు పంపేదీ చాలాచోట్ల పోడియాట్రిస్టే. సకాలంలో ఆయన చెయ్యి పడితే కాలు నిలబడుతుంది. ఇంతకన్నా గౌరవమైన పని వైద్యంలో చాలా ఉందని నేననుకోను.

అదే డాక్టర్ అదే రోజు పెద్దవాళ్ళ మందపాటి గోళ్ళు కత్తిరిస్తాడు, ఆనెకాయలు చెక్కుతాడు, మడమ నొప్పికి ఇంజెక్షన్ ఇస్తాడు, లోపలికి పెరిగిన గోరు తీస్తాడు. కొన్ని ప్రాక్టీసుల్లో వారమంతా ఇదే. ఆపరేషన్ థియేటర్ ఒక్కటే ఊహించుకుని చేరితే నిరాశ తప్పదు. ఇది ముందే తెలియాలి.

సర్జరీ మీదే మనసుంటే ఒక లెక్క చెప్తాను. ఎండీ చేసి పాదాల ఆర్థోపెడిక్ సర్జన్ కావాలంటే మెడికల్ కాలేజీ నాలుగేళ్ళు, ఆర్థోపెడిక్స్ ఐదేళ్ళు, ఫెలోషిప్ ఒక ఏడాది, మొత్తం పదేళ్ళు. ఆర్థోపెడిక్స్ సీటు ఎండీల్లోనే అతి కష్టంగా దొరికేది. పోడియాట్రీలో ఏడేళ్ళకు పాదాల సర్జన్ అవుతారు. అయితే ఎంతవరకు ఆపరేషన్ చేయవచ్చన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి మారుతుంది. మీరు స్థిరపడాలనుకునే రాష్ట్రం నిబంధనలు చదవండి. ఆదాయంలోనూ తేడా ఉంది: అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో పోడియాట్రిస్టుల మధ్యస్థ సంపాదన ఏడాదికి లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉంటే, ఎండీ, డీఓ (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) డాక్టర్లది 2,39,200 డాలర్లకు పైనే.

మీ మార్కుల విషయం. ఎండీలో చేరేవాళ్ళ ఎంక్యాట్ సగటు 511, 512 దగ్గర ఉంటుంది, జీపీఏ 3.7 పైన. 501తో ఇంకో ఏడాది ఊరికే ఆగి అవే కాలేజీలకు మళ్ళీ అప్లై చేస్తే ఫలితం మారదు. నాన్నగారికి ఇది నెమ్మదిగా చెప్పండి. ఆగితే స్కోరు కనీసం 508 దాటించే గట్టి ప్రణాళిక ఉండాలి. పోడియాట్రీ విద్యార్థుల సగటు 495 అటూ ఇటూ. అందుకే మీకు స్కాలర్‌షిప్ వచ్చింది.

మీ ఉత్తరంలో డీఓ ఊసే లేదు, అది నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆస్టియోపతిక్ కాలేజీల సగటు 504 చుట్టుపక్కల. మీరు ఆ గీతకు కాస్త కిందే ఉన్నారు. డీఓ పూర్తిస్థాయి డాక్టరే. రెసిడెన్సీలు ఎండీలతో కలిపే ఇస్తారు, ఏ స్పెషాలిటీకైనా వెళ్ళవచ్చు. ‘డాక్టర్ కావాలి, ఏ విభాగమో తర్వాత చూస్తాను’ అన్నది మీ మాటైతే మీ దారి డీఓ.

కరీబియన్ విషయంలో నాకు భయమే ఎక్కువ. 2024 రెసిడెన్సీ మ్యాచ్ (సీట్ల కేటాయింపు)లో అమెరికా ఎండీ విద్యార్థుల్లో 93 శాతానికి పైగా, డీఓల్లో 92 శాతం మందికి సీట్లు వచ్చాయి. కరీబియన్‌తో సహా విదేశాల్లో చదివిన అమెరికన్ పౌరుల్లో 67 శాతానికే. మధ్యలో కాలేజీ నుంచి వెనుదిరిగినవాళ్ళు ఆ 67 లెక్కలోకి రానే రారు. మంచి డీఓ అవకాశాన్ని పరీక్షించకుండా అటు వెళ్ళవద్దు.

డబ్బు గురించి కొత్త సంగతి ఒకటుంది. 2026 జులై 1 నుంచి కొత్తగా ఫెడరల్ లోన్ తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ (పీజీ, వృత్తివిద్య విద్యార్థులకు ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. ఎండీకైనా, డీఓకైనా, డీపీఎంకైనా ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లే పరిమితి. మిగతాది ప్రైవేటు అప్పు. కాబట్టి స్కాలర్‌షిప్ నాలుగేళ్ళూ వస్తుందా, ఏ జీపీఏ తగ్గితే ఆగిపోతుందో లిఖితపూర్వకంగా అడగండి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ లోన్లు దొరుకుతాయి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలకు అవి రావు, చాలా మెడికల్ కాలేజీలు వాళ్ళ దరఖాస్తే తీసుకోవు. ఆ తల్లిదండ్రులు కాలేజీ కాలేజీకీ విడిగా కనుక్కోవాలి.

అమ్మగారికి: అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చట్టం పోడియాట్రిస్టును తన పరిధిలో ఫిజీషియన్‌గానే గుర్తిస్తుంది. 2018లో వచ్చిన చట్టంతో వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లోనూ వాళ్ళను మిగతా డాక్టర్ల జీతాల శ్రేణిలో చేర్చారు. పెళ్ళి సంబంధాల్లో ఎవరో ముఖం చిట్లిస్తారేమోనని మీ అబ్బాయి నలభై ఏళ్ళ పనిని నిర్ణయించకండి. అయితే ఒకటి నిజం, డీపీఎంతో ఇండియాకు వెళ్ళి డాక్టరుగా ప్రాక్టీసు పెట్టడం కుదరదు. అక్కడ 10 కోట్ల మందికి షుగర్ ఉన్నా, పాదాల పుళ్ళను సర్జన్లు, షుగర్ డాక్టర్లే చూస్తున్నారు. తిరిగి వెళ్ళే ఆలోచన కొంచెమైనా ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇవాళే అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి డిపాజిట్ గడువు పెంచమని అడగండి. ఒప్పుకోకపోయినా నెలాఖరు దాకా సమయం ఉంది. ఈలోపు ఒక పోడియాట్రిస్టు క్లినిక్‌లో కొన్ని పూటలు, వీలైతే ఆసుపత్రి పుండ్ల విభాగంలో ఒక పూట నిలబడి చూడండి. ఆ వాసన, ఆ గోళ్ళు, నయమైన పుండు చూసి రోగి పడే సంతోషం, అన్నీ చూడండి. కాలేజీని మూడు అంకెలు అడగండి: చేరినవాళ్ళలో నాలుగేళ్ళకు ఎంతమంది పట్టా తీసుకుంటున్నారు, బోర్డు పరీక్ష మొదటి భాగం మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారు, రెసిడెన్సీ ఎంతమందికి దొరుకుతోంది. అవి బాగుండి, క్లినిక్ నుంచి బయటికొచ్చాక రేపు కూడా రావాలనిపిస్తే డిపాజిట్ కట్టేయండి. ఎండీ సీటొస్తే ఇది వదిలేస్తాననిపిస్తే కట్టకండి, డీఓ దరఖాస్తు మేలో తెరిచిన వెంటనే పంపండి, ఎంక్యాట్ ఇంకోసారి రాయండి. ఈ రెండింటిలో ఏది చేసినా, ముందు ఆ ఈసీజీ చేయించుకోండి.