బుజ్జీ, ఆ అంకె పక్కన స్కేలు పేరు రాయి

బుజ్జీ,

కేర్ హోమ్‌లో చేరుతున్నావని, అందులోనూ బెడ్‌సోర్, అదే మంచాన పడ్డవాళ్లకు ఒత్తిడికి పడే పుండు, దాని రిస్క్ రికార్డులు నీకే అప్పగిస్తున్నారని మీ అమ్మ చెప్పగానే తెగ మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. చిన్నప్పుడు లెక్కలన్నీ వెనక పేజీలో జవాబు చూసి దించేసినదానివి కదా, కోపం తెచ్చుకోకు.

మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం, తడి లేకుండా చూడడం, తిండి, నీళ్లు, ఇవన్నీ నేర్పే ఉంటారు. ఎర్రబడిన చోట రుద్దకు, రింగు దిండు వెయ్యకు.

నా భయమల్లా అంకెల గురించే. ఒకసారి మా దగ్గరికి వేరే హోమ్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కాగితంలో 'రిస్క్ స్కోరు 9' అని ఉంది, అంతే. వాళ్లు వాడేది బ్రేడెన్ స్కేలు, 6 నుంచి 23 దాకా, అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ, 9 అంటే ఇక చెప్పక్కర్లేదు. మేం వాడేదేమో వాటర్లో అనే మరో స్కేలు, అందులో లెక్క తలకిందులు, 10 నుంచే రిస్కు. రాత్రి డ్యూటీ అమ్మాయి 9 చూసి 'రిస్క్ లేదు' అని ఎక్కించింది. తర్వాతి షిఫ్టు వాళ్లు దాన్నే దించారు, ఆ తర్వాతవాళ్లూ అంతే. రోజూ 'చర్మం బాగుంది' అనే రాత, సాక్సు తీసి చూసినవాళ్లు లేరు. చివరికి స్నానం చేయించే ఆయా తీసింది. మడమ మీద నల్లద్రాక్ష రంగు మచ్చ, వేలు ఆనిస్తే మెత్తగా దిగబడింది. పక్షవాతం కాలు, స్పర్శ లేదు, ఆవిడ నొప్పని ఎలా చెబుతుంది? అందరూ ఆ రాత్రి డ్యూటీ అమ్మాయినే తిట్టారు. స్కేలు పేరు లేకుండా అంకె పంపినవాళ్లనీ, చూడకుండా దించినవాళ్లనీ ఎవరూ ఏమీ అనలేదు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

'ఎర్రగా ఉంది' అని రాసి వదిలేయకు తల్లీ. ఎక్కడ, ఏ వైపు, ఎన్ని సెంటీమీటర్లు, నొక్కి వదిలితే తెల్లబడిందా లేదా. నల్లటి చర్మం మీద ఎరుపు తెలియదు, పక్క చర్మంతో పోల్చి వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో చూడాలి.

ఇంకోటి, చార్టులో రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదు. ఇన్‌ఛార్జికి నోటితో చెప్పు, ఎన్ని గంటలకు చెప్పావో, ఏమన్నారో అదీ రాయి. కొత్తగా వచ్చి పేచీలా అంటారు, అననీ. రాత్రి ఎంతయినా నాకు ఫోన్ చెయ్యి, నాకెలాగూ నిద్ర పట్టదు. చేరిన రోజే అక్కడ ఏ స్కేలు వాడుతున్నారో కనుక్కుని మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ