రాత్రి మూడింటికి లెక్క వెయ్యి

అమ్మడూ,

మీ ప్లాంట్‌లో క్లోరిన్ లీకైతే ఎంత దూరం పాకుతుందో అలోహా సాఫ్ట్‌వేర్‌తో లెక్క వేసి నువ్వు పంపిన మ్యాప్ చూశాను. అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం చూపే ఎర్రరంగు ప్లాంట్ గోడ దాటలేదని సంబరంగా రాశావు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు, గాలి సెకనుకు 5 మీటర్లు అని పెట్టావు. ఎండకి నేల వేడెక్కితే గాలి కిందకీ మీదకీ కలియబడి గ్యాస్ పలచబడిపోతుంది. అదే లెక్క రాత్రి మూడింటికి, గాలి 1.5 మీటర్లు, స్టెబిలిటీ ఎఫ్ (గాలి కిందకీ మీదకీ కలవకుండా నిలకడగా ఉండే స్థితి) పెట్టి మళ్లీ తియ్యి. గోడ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. కొత్తలో నేనూ ఇదే పని చేసి చీవాట్లు తిన్నాను.

2020 మే 7న మన విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి కమ్మింది తెల్లవారుజామునే. 1984లో భోపాల్‌లోనూ రాత్రే. స్టైరీన్ ఆవిరి గాలికి మూడున్నర రెట్లు బరువు, క్లోరిన్ రెండున్నర రెట్లు. ఇవి పొగలా పైకి పోవు, పల్లం వెతుక్కుంటాయి. అలోహాకి నేలంతా చదునే. మీ వెనక ఉన్న కొండా, పక్కనున్న గెడ్డా దానికి తెలియవు, నువ్వే చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్ గాలి కొలతల్ని కొండ వెనక ఉన్న ప్లాంట్‌కి అలాగే వాడెయ్యకు.

అమోనియా తేలిక కదా అని ధీమా పడకు. ఒత్తిడిలో ఉన్న ద్రవం చిమ్మితే చల్లటి తుంపర్లతో కలిసి నేల మీదే పాకుతుంది.

వీటన్నిటికన్నా ముందు, ఎంత కారుతోంది, ఎంతసేపు కారుతోంది అన్నది తేల్చుకో. సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోకుండా టన్నర్ల (క్లోరిన్ నింపే పెద్ద సిలిండర్ల) షెడ్డుకి వెళ్లు. 900 కిలోల టన్నర్ పడుకుని ఉంటుంది, చివర రెండు వాల్వులు. పై వాల్వ్ లీకైతే వచ్చేది గ్యాస్, కింది వాల్వ్ లీకైతే ద్రవం. కన్నం అదే అయినా ద్రవం ఎన్నో రెట్లు ఎక్కువ పోతుంది, బయటికొచ్చాక సుమారు 460 రెట్ల గ్యాస్ అవుతుంది. అందుకే ఆపరేటర్లు లీకైన వాల్వ్ పైకొచ్చేలా టన్నర్‌ని దొర్లిస్తారు. వాళ్లకి దానికి ఎంతసేపు పడుతుందో అడిగి ఆ నిమిషాలే మోడల్లో పెట్టు. పుస్తకంలో అంకె వద్దు.

శనివారం నైట్ షిఫ్ట్‌లో ఒకసారి బయట నిలబడి విండ్‌సాక్ (గాలి వాటం చూపే గుడ్డ గొట్టం) చూడు. ఆకాశంలో మబ్బు లేకుండా అది వేలాడుతూ ఉంటే కంగారు పడకు, అదే ఎఫ్. కొత్త మ్యాప్ తీశాక ఎర్రరంగులోకి ఏ వీధులు వస్తున్నాయో పేర్లు రాసి పంపు.

మావయ్య