టెక్ సందేహాలు: ఆయిల్ 95 డిగ్రీలే, మరి క్లచ్ ఎందుకు కాలుతోంది?

ప్రశ్న: మాది హైదరాబాద్. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కారుతో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్తుంటాను. నాలుగైదు ల్యాపులకే గేర్‌బాక్స్ ఓవర్‌హీట్ హెచ్చరిక వచ్చి పవర్ తగ్గిపోతోంది. ఓబీడీ డాంగుల్ (కారు సాకెట్‌కి పెడితే లోపలి రీడింగులు ఫోన్‌కి పంపే పరికరం) పెట్టి చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్ 95 డిగ్రీలే. సెన్సర్ పాడైందా? ఆన్‌లైన్‌లో దొరికే సాఫ్ట్‌వేర్ ఫైలుతో ఆ హెచ్చరిక తీసేయొచ్చా?

జవాబు: తీసేయకండి. ఆయిల్ వేడి చూసి క్లచ్ బాగుందనుకునేవాళ్లు నాకు తరచూ రాస్తున్నారు. ఆ రెండూ వేరు. క్లచ్ ప్లేట్లు పట్టు తప్పి ఒకదానిమీద ఒకటి జారితే కొన్ని సెకన్లలోనే భగ్గుమంటాయి, ఆయిల్ నిదానంగా వేడెక్కుతుంది. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ అయితే ఆయిల్ ప్లేట్లను తాకనే తాకదు. చాలా కార్లలో క్లచ్ వేడిని కంప్యూటరే లెక్కగడుతుంది: ఎంత టార్క్ (తిప్పే బలం) మీద ఎంత జారింది అని. అలాంటప్పుడు పాడవడానికి అక్కడ సెన్సరే ఉండదు.

క్లచ్ వేగానికి కాదు, జారితేనే కాలుతుంది. నాలుగో గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఆర్‌పీఎం, వేగం జోడుగా పెరగాలి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే ప్లేట్లు అరిగాయి, లేదా రీమ్యాప్ (పవర్ పెంచేందుకు ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) ఇచ్చిన టార్క్‌ను అవి పట్టలేకపోతున్నాయి. రెండూ జోడుగానే ఉంటే మీ అలవాట్లు చూసుకోండి. పిట్ లేన్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆగే దారి) గేర్ వేసి అంగుళం అంగుళం కదలడం, ఆగిన చోటు నుంచి ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్‌ను వరుసగా వాడటం ల్యాపులకన్నా ఎక్కువ కాలుస్తాయి. ఆ తర్వాత గేర్ ఆయిల్ వయసు, ఆయిల్ కూలర్‌లో చెత్త చూడండి. చవక డాంగుల్ సెకనుకి ఒకటి రెండు రీడింగులే ఇస్తే చిన్న జారుడు దొరకదు. వర్క్‌షాప్ స్కానర్‌తో చూపించండి.

నా అసలు భయం ఆ డాంగులే. అది కారు లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్‌కి తలుపు. 1980లలో తయారైన ఆ నెట్‌వర్క్‌లో, సందేశం ఎవరు పంపారో అడిగే ఏర్పాటే లేదు. చవక డాంగుళ్లలో చాలావాటి పిన్ 1234, కొన్నింటికి అదీ ఉండదు. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియెగో పరిశోధకులు సిమ్ ఉన్న ఓ డాంగుల్‌కి ఎస్సెమ్మెస్‌లు పంపి కారు వైపర్లు ఆడించారు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బ్రేకులు పనిచేయకుండా చేశారు. మీ డాంగుల్‌కి సిమ్ లేకపోవచ్చు, కానీ ట్రాక్ పార్కింగ్‌లో పక్కవాడి ఫోన్ బ్లూటూత్ దూరంలోనే ఉంటుంది. రీడింగులు తీసుకున్నాక వెంటనే ఊడదీయండి. ఎవరు రాశారో తెలియని ఫైలును కారు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకా ప్రమాదం. హెచ్చరికతోపాటు అది ఇంకేం మార్చిందో ట్రాక్ మీద 180 కిలోమీటర్ల వేగంలో తెలుసుకోవాల్సి వస్తుంది.

ఇందులో కంపెనీల తప్పూ ఉంది. కంప్యూటర్ లెక్కగట్టిన క్లచ్ వేడి లోపల ఉంది, డ్యాష్‌బోర్డు నిండా స్క్రీన్ ఉంది. అయినా ఆ అంకె చూపించరు. ట్రాక్ మోడ్ అని పేరు పెట్టి అమ్మే కారులోనైనా అది కనిపించాలి. అది కనిపిస్తే ఈ డాంగుళ్లు కొనే అవసరమే చాలామందికి రాదు.

కారు రీమ్యాప్ చేయించారో లేదో మీరు రాయలేదు. నాలుగో గేర్ రీడింగులతో పాటు అదీ రాసి పంపండి.