1966 నాటి జానీ కార్సన్ పూర్తి ఎపిసోడ్ దొరకడం లేదంటే

అమెరికా టీవీలో జానీ కార్సన్ నడిపిన అర్ధరాత్రి ముచ్చట్ల కార్యక్రమం 'టునైట్ షో'ను నాన్నగారికి చూపిద్దామంటే 1966 నాటి ఎపిసోడ్ పూర్తిగా దొరకడం లేదన్నారు. మీరు వెతకడంలో లోపం లేదు, ఆ టేపే ఇప్పుడు ఉండకపోవచ్చు. మీ నాన్నగారు న్యూయార్క్‌లో చదువుకుంటూ అర్ధరాత్రి దాకా మేలుకుని చూసిన రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఆ షో ప్రసారం చేసే ఎన్‌బీసీ ఛానెల్ పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రికార్డు చేసేది. కార్సన్ ఈ షోకు 1962 అక్టోబరులో వచ్చాడు. 1972లో షో న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాలోని బర్బాంక్‌కు మారేదాకా తీసినవాటిలో చాలా భాగం అలాగే పోయింది.

మిగిలినవాటి కోసం:

1. 'టునైట్ షో' అని వెతకొద్దు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆ పేరు ఎన్‌బీసీది, పాత ఎపిసోడ్లు కార్సన్ సంస్థవి. అందుకే 2016లో యాంటెన్నా టీవీ అనే ఛానెల్ వాటిని మళ్లీ వేసినప్పుడు కూడా ఆ పేరు వాడలేదు. షో పేరు కొడితే ఇప్పటి హోస్ట్ జిమ్మీ ఫాలన్ క్లిప్పులే వరస కడతాయి.

2. 'జానీ కార్సన్' పక్కన అతిథి పేరు చేర్చండి. నాన్నగారికి తేదీ గుర్తుండదు గానీ ఎవరొచ్చారో గుర్తుంటుంది. గాయకుడు, నటుడు ఎడ్ ఏమ్స్ విసిరిన చేతిగొడ్డలి చెక్క మీది మనిషి బొమ్మకు తగలరాని చోట దిగిన 1965 నాటి ముక్క అలాగే దొరుకుతుంది. ఏమ్స్ దాన్ని తీయబోతే కార్సన్ పట్టి ఆపుతాడు, జనం నవ్వు ఇంకా సాగాలని. అదీ టైమింగంటే!

3. 70లలో షో గంటన్నర. అరగంట వీడియోకు 'పూర్తి ఎపిసోడ్' అని పెడితే నమ్మకండి.

కార్సనే కావాలన్న పట్టు లేకపోతే ఆ రోజుల నాటి మరో ముచ్చట్ల కార్యక్రమం డిక్ కావెట్ షో చూపించండి. దాని పాత ఎపిసోడ్లు బాగానే మిగిలాయి.